రెండు నిమిషాల యాభై సెకన్ల దూరం

పోర్ట్‌బ్లెయర్,
12 ఆగస్టు 1979

అక్కా,

నేనిక్కడికి వచ్చి ఆరు నెలలు. నీకు రాసినవి రెండే ఉత్తరాలు. మూడోది నీ సాయం అడగడానికి రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఈ ఊరి దిగువన ఒక సముద్రపు పాయ ఉంది. అక్కడ మడ అడవి కొట్టేసి, మట్టీ రాళ్ళూ పోసి ఇరవై ఎకరాలు చదును చేశారు. దాని మీద నూరు మంచాల ప్రసూతి ఆసుపత్రి కడతారట. ఆ నేల భూకంపానికి నిలబడుతుందా లేదా తేల్చడం నా పని. ఇక్కడ సముద్రం అడుగు నేల ఏడాదికి గోరు పెరిగినంత మేర దీవుల కిందికి దూరుతుంది. దూరుతూ దూరుతూ ఎక్కడో పట్టేసి ఆగిపోతుంది. పట్టు వీడిన రోజు ఊళ్ళు కూలతాయి. ఆ పట్టు ఎన్నేళ్ళకొకసారి వీడుతుందో చెప్పాలంటే చిన్న కుదుపులన్నీ లెక్కకు రావాలి. వాటిని కాగితం మీద గీసే ఇక్కడి యంత్రం నెలలో సగం రోజులు పాడై ఉంటుంది.

మీ గుట్ట మీది యంత్రం కదలని బండ మీద ఉంది. ఇక్కడ ఏం కదిలినా నీ కాగితం మీద గీత వణుకుతుంది. భూమిలోంచి వచ్చే మొదటి అలకూ రెండో అలకూ మధ్య ఎంత ఎక్కువ సేపుంటే అంత దూరం; రెండు నిమిషాల యాభై సెకన్లుంటే అది ఇంచుమించు మా దీవులది. పెద్దాఫీసును అడిగితే, రెండేళ్ళు పడుతుంది, అంతదాకా అంకెలు ఇవ్వలేం అన్నారు. బావ పోయాక ఆ ఉద్యోగం నీకిచ్చినప్పటి నుంచీ నువ్వు నోటుబుక్కులో రాసుకుంటున్నావని నాకు తెలుసు. పంపడం నియమాలకు విరుద్ధం. కుదరదంటే బాధపడను.

హనుమంతమ్మకు ధర్మవరంలో, పుట్టింట్లో నెలలు నిండుతున్నాయి. సెలవు అడిగాను. రిపోర్టు ఇచ్చి కదలమన్నారు.

తమ్ముడు
ఓబుళేసు

*

గుట్ట స్టేషను, శింగనమల,
9 సెప్టెంబరు 1979

ఓబుళేసూ,

ఏడేళ్ళలో రెండువందల పద్నాలుగు కుదుపులు. తేదీ, గంట, నిమిషం, సెకను అన్నీ రాసి జత చేశాను. అంతే దూరంలో నేపాళం కూడా ఉందని నువ్వు మర్చిపోయినట్టున్నావు. ఉత్తరం నుంచి వచ్చినవి ఉత్తర దక్షిణాల కాగితం మీద ఎక్కువ ఊగుతాయి. వాటిని తీసేశాను. మిగిలినవి నీవే.

నియమం సంగతి నాకూ తెలుసు. నూరు మంది బాలింతలు పడుకునే చోటని రాశావు కాబట్టి పంపుతున్నాను.

ఇక్కడ వాన లేదు. వేరుశనగ మొలిచి జానెడైనా ఎదగక ఎండిపోయింది. గుట్ట కింద బావిలో పొద్దున రెండు గంటలు మాత్రం ఊట ఉంటుంది. నా పని నీకు తెలుసు కదా. ఉదయం ఎనిమిదికి, తిరిగే డ్రమ్ము మీద వెలుగు చుక్క గీతలు గీసిన మూడు ఫొటో కాగితాలు మార్చాలి. తీసిన మూడింటినీ మందులో ముంచి కడగాలి. దానికి నాలుగు బిందెల నీళ్ళు. నిన్న బావి దగ్గర గొర్రెల తిప్పమ్మ నా బిందెకు చెయ్యి అడ్డం పెట్టింది.

"మాకు తాగేకి లేవు. నువ్వు కాగితాలు కడుగుతాండావా?"

ఇప్పుడు ఒకే బిందెతో మూడూ కడిగి, ఆ నీళ్ళనే వడగట్టి మరునాటికి దాచుకుంటున్నాను. వేళ్ళ సందుల్లో చర్మం ఊడుతోంది. బదులు మనిషిని పంపమని మళ్ళీ రాశాను. ఏడేళ్ళుగా ఒక్క రాత్రయినా ఈ గుట్ట దిగి నిద్రపోలేదు. ధర్మవరం ఎంత దూరమని? మరదలి పురుడుకు పోలేకపోతున్నాను.

అక్క
రామాంజినమ్మ

*

పోర్ట్‌బ్లెయర్,
3 డిసెంబరు 1979

అక్కా,

ఆడపిల్ల పుట్టిందని తంతి అందింది. అమ్మ పేరు భద్రమ్మ అని పెట్టారట. నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు.

నీ అంకెలు బంగారం. గ్రాఫు గీస్తే చుక్కలు చక్కగా వరసలో పడ్డాయి. ఇళ్ళు కూల్చే స్థాయి కుదుపు ఈ ఊరికి ఒక మనిషి ఆయుష్షులో ఒకసారైనా రావలసిందేనని తేలుతోంది. ఆసుపత్రి అంతకంటే ఎక్కువ కాలమే ఉంటుంది కదా.

ఇక్కడ ముత్యాలప్ప అనే పెద్దాయన దొరికాడు. రేవులో కూలీ. వాళ్ళ నాయనను కదిరి దగ్గరి నుంచి ఖైదీగా ఇక్కడికి తెచ్చారట. కదిరిని ఆయన చూడనే లేదు, కానీ మాట మాత్రం అచ్చం మనదే. నన్ను పాయ ఒడ్డుకు తీసుకెళ్ళి నీళ్ళలోకి వేలు చూపించాడు.

"అది మా వరి మడి అప్పా. నలభై ఒకటిలో, సాయంత్రంపూట, నేల ఊగిపాయె. నేను చెట్టు పట్టుకోని నిలబడితి. తెల్లారి చూస్తే గట్లు యాడ ఉండేవో ఆడనే ఉండాయి, నేల మాత్రం మూరెడు కుంగింది. అమాసకు సముద్రం లోపలికి వచ్చింది. మళ్ళా పోలేదు."

నీళ్ళలో గట్ల వరస ఇప్పటికీ కనబడుతుంది. ఆ మడిని ఆనుకునే ఉంది ఆసుపత్రి స్థలం. జపానులో నీగాటా అనే రేవు పట్టణంలో పదిహేనేళ్ళ కిందట ఇలాంటి వదులు నేల మీద కట్టిన నాలుగంతస్తుల ఇళ్ళు గోడలు పగలకుండానే పక్కకు వాలిపోయాయి. నేల నీళ్ళలా మారింది. ఇక్కడ కుంగడం, వాలడం, సముద్రం రావడం మూడూ ఒకేసారి జరుగుతాయి.

స్థలం పనికిరాదని రాస్తున్నాను. పైన గుట్టవాలులో రాతి నేల ఉంది, అక్కడ కట్టమంటాను. మా అధికారికి నచ్చదు. శంకుస్థాపనకు తేదీ కూడా అనుకున్నారట.

ఓబుళేసు

*

గుట్ట స్టేషను, శింగనమల,
19 ఫిబ్రవరి 1980

ఓబుళేసూ,

ఇది నీకు చేరాలని కోరుకుంటూ రాస్తున్నాను.

పద్నాలుగో తేదీ ఉదయం కాగితాలు కడుగుతున్నాను. తూర్పు పడమరల కాగితం మీద మొదటి అల కనిపించింది. స్కేలు పెట్టి కొలిచాను. రెండు నిమిషాల యాభై. రెండో అల దగ్గర గీత లేదు. వెలుగు చుక్క కాగితం అంచు దాటి వెళ్ళి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. నా చేతిలోని కాగితం పళ్ళెంలోకి జారిపోయింది.

శింగనమల పోస్టాఫీసుకు దిగి నీకు తంతి ఇచ్చాను. జవాబు లేదు. మరునాడూ లేదు. పత్రికలో ఒక్క ముక్క లేదు. ఊళ్ళో అడిగితే, భూకంపమా, యాడ అని నవ్వారు. ఇక్కడ ఎవరి గ్లాసులోనూ నీళ్ళు కదల్లేదు మరి. ఈ జిల్లా మొత్తానికి ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఎవరికీ చెప్పుకోలేను. హనుమంతమ్మకు రాయలేదు. బాలింత.

అనంతపురం పోయి పెద్ద తపాలా ఆఫీసులో అడగాలని రెండుసార్లు చెప్పులేసుకున్నాను. సాయంత్రం తిరుగు బస్సు లేదు, వచ్చేసరికి మరునాడు ఎనిమిది దాటుతుంది. కాగితం మార్చకపోతే, నీ ఊళ్ళో మళ్ళీ ఏం కదిలిందో నాకు ఇంక తెలియదు. చెప్పులు విప్పేశాను. అయిదు రోజులుగా ఇదే.

బతికి ఉంటే ఒక్క మాట రాయి.

అక్క

*

పోర్ట్‌బ్లెయర్,
2 మార్చి 1980

అక్కా,

నేను క్షేమం. వైర్‌లెస్ చెడిపోయి తంతులు ఆగాయి. పెద్దగా ఏమీ కాలేదు. ఆఫీసు అల్మరాలోంచి ఫైళ్ళు కింద పడ్డాయి, అంతే. ఊరంతా క్షేమం.

రిపోర్టు ఇచ్చేశాను. జూన్‌లో నన్ను ఇక్కడి పని నుంచి విడుదల చేస్తామన్నారు. పాపను చూస్తాను. ఇకమీదట అంకెలు పంపవద్దు, వాటితో పని అయిపోయింది. ఆ నోటుబుక్కు కూడా ఉంచుకోకు, పొయ్యిలో వేసెయ్యి. నేను క్షేమంగా ఉన్నాను.

ఓబుళేసు

*

గుట్ట స్టేషను, శింగనమల,
25 మార్చి 1980

ఓబుళేసూ,

నీ ఉత్తరం చూసి ఏడ్చాను. తర్వాత మళ్ళీ చదివాను. అంత చిన్న ఉత్తరంలో క్షేమమని మూడుసార్లు రాశావు. నేను కాగితం చదివి బతికేదాన్ని. ఆ రోజు నేను చూసిన గీత అల్మరాలోంచి ఫైళ్ళు పడే గీత కాదు.

పూడ్చిన నేల ఏమైంది? ముత్యాలప్ప ఏమన్నాడు? రిపోర్టులో ఏం రాశావు? మూడింటికీ జవాబు కావాలి.

నోటుబుక్కు కాల్చలేదు.

రామాంజినమ్మ

*

పోర్ట్‌బ్లెయర్,
30 ఏప్రిల్ 1980

అక్కా,

నెల రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను.

పూడ్చిన నేల నడుమ నూటపది అడుగుల మేర చీలింది. చీలికలోంచి బూడిదరంగు ఇసుక, ఉప్పునీళ్ళు బుగ్గలు బుగ్గలుగా పైకి వచ్చాయి. నేను ఫొటోలు తీస్తుంటే ముత్యాలప్ప పక్కన గొంతుక్కూర్చుని ఆ ఇసుకను చేత్తో తీసి చూశాడు. ఏమీ అనలేదు. మరునాడు రోలర్లు వచ్చి దాన్ని పూడ్చేశాయి. నా కెమెరా రీలు అధికారి తీసుకున్నాడు.

రిపోర్టులో స్థలం పనికిరాదన్న వాక్యం తీసేసి, తగిన పునాదితో పనికొస్తుందని మార్చారు. చీలిక లేదు. మునిగిన మడి లేదు. దాని కింద నా సంతకం ఉంది.

ఎందుకు పెట్టావని అడుగుతావు. నీ అంకెలు వాడుకున్నప్పుడు అనుబంధంలో మీ స్టేషను పేరు రాశాను. అంకెల కింద అవి ఎక్కడివో రాయడం మాకు అలవాటు, ఆలోచించకుండా రాసేశాను. అధికారి ఆ పేజీ మీద వేలు పెట్టి, చాలా మెల్లగా మాట్లాడాడు.

"ఇవి బయటికి రాకూడని అంకెలు. అక్కడ పనిచేసేది మీ అక్కగారట కదా. భర్త పోయిన మనిషి. ఆ ఉద్యోగం పోతే ఏం చేస్తుంది పాపం?"

నా విడుదల కాగితం అదే బల్ల మీద ఉంది. సంతకం చేశాను. నీ కోసం చేశానని అనుకున్నాను. పాప కోసం కూడా. ఇప్పుడు ఆ పాయ వైపు పోలేకపోతున్నాను. వెనక్కి తీసుకుంటే నీ పని పోతుంది. తీసుకోకపోతే ఆసుపత్రి లేస్తుంది. నాకు దారి కనబడడం లేదు.

ఓబుళేసు

*

గుట్ట స్టేషను, శింగనమల,
28 మే 1980

ఓబుళేసూ,

నన్ను చూపించి నిన్ను కట్టేశారు. నన్ను ఒక్క మాట అడగకుండా నువ్వు కట్టించుకున్నావు. నాకు కోపం వాళ్ళ మీద కంటే నీ మీదే ఎక్కువ వచ్చింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు వెంకటప్ప మాష్టారి దగ్గరికి పోయాను. శింగనమల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది ఆయనే. పెద్దాఫీసుకు నేను చెప్పినట్టు రాయమన్నాను. ఫలానా రెండువందల పద్నాలుగు అంకెలు నేనే ఇచ్చాను. నియమం తెలిసే ఇచ్చాను. అవి నిజమో కాదో మీ దగ్గరున్న కాగితాలతో సరిచూసుకోండి. ఫిబ్రవరి పద్నాలుగు నాటి కాగితం ప్రత్యేకంగా చూడండి. ఆ రోజు చీలిన నేల మీద ఆసుపత్రి కడుతున్నారు. ఇంతే.

మాష్టారు రాసి, కలానికి మూత పెట్టాడు.

"అమ్మా, ఇది పంపితే నీ పని పోతాది."

"తెలుసు సార్. పంపండి."

రిజిస్టరు చేసి పంపాను. ఇంక నా పేరు చెప్పి నిన్ను ఎవరూ బెదిరించలేరు. సంతకం సంగతి నీది. అది నేను చేయలేను.

రామాంజినమ్మ

*

గుట్ట స్టేషను, శింగనమల,
16 అక్టోబరు 1980

ఓబుళేసూ,

నీ సంతకం వెనక్కి తీసుకుంటూ పెద్దాఫీసుకు రాశావని నీ జూలై ఉత్తరంలో చదివాను. విడుదల రద్దయిందని కూడా. హనుమంతమ్మ నాకు జాబు రాసింది. ఒక్క నిష్ఠూరం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

గత వారం నా మీద విచారణకు ఒక అధికారి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, రిటైరు కాబోతున్నాడు. మూడు రోజులు గుట్ట మీదే ఉన్నాడు. పెద్దాఫీసు నుంచి తెచ్చిన కాగితాల కట్టలు విప్పి, నా నోటుబుక్కు పక్కన పెట్టి, భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. నేను వంట చేసి పెట్టాను, కాగితాలు మార్చాను. కడిగే నీళ్ళు చూసి, ఇవేం నీళ్ళమ్మా అన్నాడు. వారం నాటి నీళ్ళు సార్ అన్నాను. ఆ తర్వాత స్నానానికి వేడినీళ్ళు అడగలేదు.

మూడో రోజు అద్దం పక్కన పెట్టాడు.

"నాలుగు తప్పులున్నాయమ్మా. ఇవే కాగితాలు మా వాళ్ళు చదివితే పదకొండు తప్పులొచ్చాయి."

నేను ఆ నాలుగూ ఏవో చూపించమన్నాను. చూపించాడు. రెండు ఒప్పుకున్నాను. మిగతా రెండింటి మీద ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. నా పని గురించి నాతో ఇంకొకరు మాట్లాడడం ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. శిక్ష వేయడానికి వచ్చిన మనిషి అని కూడా మర్చిపోయాను.

పోతూ పోతూ, అంకెలు సరైనవని రాస్తాను, నియమం తప్పావని కూడా రాయాలి అన్నాడు. రాయండి సార్ అన్నాను.

వాన ఈ ఏడూ లేదు. తిప్పమ్మ వాళ్ళు గొర్రెలు తోలుకుని కర్ణాటక దిక్కుకు పోయారు. బావి దగ్గర ఇప్పుడు నాకు పోటీ లేదు.

రామాంజినమ్మ

*

పోర్ట్‌బ్లెయర్,
22 జనవరి 1981

అక్కా,

బయటి నుంచి ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. నన్ను పిలిచి, ఇది మీ సంతకమేనా అని అడిగారు. నాదే అన్నాను. ఇందులో రాసింది మీ అభిప్రాయమా అన్నారు. కాదన్నాను. పక్క కుర్చీలో మా అధికారి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ముత్యాలప్ప వాళ్ళను తన మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. పూడ్చిన చోట తవ్వించి చూశారు. చీలిక గుర్తు లోపల అలాగే ఉంది. బూడిదరంగు ఇసుక నిలువుగా కత్తిలా దిగి ఉంది.

ఆసుపత్రిని గుట్టవాలులోని రాతి నేల మీదికి మార్చారు. కొలతలు తీస్తున్నారు. కానీ ఇరవై ఎకరాలూ వదిలేస్తారనుకోకు. అక్కడ రేవు కూలీలకు ఇళ్ళ వరసలు కడతారట. ముత్యాలప్పకు కూడా ఒక గది ఇస్తామన్నారు. వాటి మీద కూడా రాస్తున్నాను. ఈసారి ఎవరూ నా అభిప్రాయం అడగలేదు, నేనే రాస్తున్నాను.

నాకు ప్రమోషను ఆపేశారు. తదుపరి ఉత్తర్వుల వరకు ఈ దీవులు దాటకూడదు. ఆ తదుపరి ఎప్పుడో ఎవరికీ తెలియదు. పాప నడుస్తోందని హనుమంతమ్మ రాసింది. నేను జవాబు రాయలేకపోయాను, ఏం రాయాలో నువ్వైనా చెప్పు.

నీకేం చేశారు? ఆ సంగతి దాచవద్దు.

ఓబుళేసు

*

గుత్తి రైల్వే స్టేషను,
11 మార్చి 1981

ఓబుళేసూ,

పైన ఊరి పేరు చూసి బెదిరిపోకు. నీ ఉత్తరం అందింది. దీన్ని టపాలో వేయడం లేదు. హనుమంతమ్మ చేతికిస్తున్నాను, నీకు తనే ఇస్తుంది.

నాకేం చేశారని అడిగావు. ఉద్యోగం తీసేయలేదు, ఆ గుట్ట మీదికి వచ్చే మనిషి ఇంకొకడు దొరకలేదట. నోటుబుక్కు తీసుకుపోయారు. ఇకనుంచి కాగితాలు మార్చి, కడిగి, కట్టగట్టి పంపడమే నా పని, చదవకూడదు అని ఉత్తర్వు ఇచ్చారు. కడిగేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో అందులో లేదు. మొదటి నెల చాలా కష్టమైంది. గీత వణికితే చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం వెతికేది. ఇప్పటికీ వెతుకుతుంది.

నువ్వు రాలేవని తెలిశాక హనుమంతమ్మ నువ్వు రాయలేకపోయిన జవాబు కోసం ఆగలేదు. మగ్గం మీది చీర ముగించి, తనే బయలుదేరుతానంది. వాళ్ళ నాయన నారాయణప్ప ఒప్పుకోలేదట. భూమి కదిలే చోటికి పసిబిడ్డను తీసకపోతావా అన్నాడట. తను చెప్పిన మాట నాకు రాసింది, ఉన్నది ఉన్నట్టు నీకు రాస్తున్నాను.

"ఆయన ఆడనే ఉండాడు కదా నాయనా. ఆయన కింద మాత్రం కదలదా?"

ఇప్పుడు మద్రాసులో ఓడ దాకా ఆయనే వస్తున్నాడు. అవతల సామాను మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు, నాతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు.

గుత్తిలో రైలు మారతాం, ఒక్కసారి వచ్చి పాపను చూడు వదినా అని హనుమంతమ్మ రాసింది. ఒక్క రోజు సెలవు కోసం మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. నిన్న పొద్దున ఎనిమిదికి కాగితాలు మార్చాను, కడిగాను, ఆరేశాను. తలుపుకు తాళం వేశాను. తాళం వేసి కూడా చాలాసేపు మెట్టు మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సెక్కాను.

రైలు గంట ఆలస్యమన్నారు. భద్రమ్మ నా ఒళ్ళో ఉంది. పేరుకు అమ్మే గానీ ముక్కు నీది. నా వేళ్ళ మీది మందు మచ్చలను గోటితో గీకి, అవి రాకపోతే నా మొహంలోకి చూస్తోంది. హనుమంతమ్మ నీకు ఊరబిండి పచ్చడి, వేరుశనగలు మూట కట్టింది. భయమేస్తోందా అని అడిగాను. ఏస్తాంది వదినా అంది. మూట ముడి మళ్ళీ బిగించింది.

ఇప్పుడు ఎనిమిది దాటి పది నిమిషాలయింది. డ్రమ్ము నా కోసం ఆగదు. తిరుగుతూనే ఉంటుంది, నిన్నటి గీతల మీదే ఈరోజు గీతలు పడుతుంటాయి. ఈ కాగితాన్ని ఎవరూ చదవలేరు, చదవకూడదని చెప్పినవాళ్ళతో సహా. ఎనిమిదేళ్ళలో నా చేతిలో పాడైన కాగితం ఇది మొదటిది. వివరణ అడుగుతారు. కాగితం వెనక వివరాల గడి ఒకటుంటుంది, యంత్రం చెడితే అందులో కారణం రాయాలి. ఏం రాయాలా అని నిన్నటి నుంచీ ఆలోచించి, ఇందాకే తేల్చుకున్నాను.

యంత్రం బాగుంది. మనిషి ఊరికి పోయింది.

రైలు వస్తోంది. పాపను అందించాలి.

రామాంజినమ్మ